అర్ధవాహకములలో అయస్కాంతత్వము

ఇనుము, కోబాల్టు, నికెలు అయస్కాంతమునకు అంటుకొనునని విద్యార్థులందరికి తెలియును. ఇవి లోహములు. ట్రాన్సిస్టరులకు వాడు సిలికాన్ వంటి అర్ధవాహకములకు ఈ గుణము లేదు. గణకయంత్రములలో లెక్క చేయునది అర్ధవాహకము. లెక్కను పదిలపరచు పని చిరకాలముగా అయస్కాంత పదార్థములది. రెండు పనులును ఒకే పదార్థము చేయగలదా?

1961లో మాథియస్, బోజోర్త్, వాన్ వ్లెక్ అను శాస్త్రజ్ఞులు యూరోపియం ఆక్సైడు ఫెర్రోఅయస్కాంతమని వెల్లడించిరి. ఇది అర్ధవాహకమే. కాని సుమారు 69 కెల్విన్లకు, అనగా -204 సెంటిగ్రేడు డిగ్రీలకు, మించినచో దాని అయస్కాంతత్వము నశించును. ఈ హద్దునే క్యూరీ ఉష్ణోగ్రత యందురు.

మఱియొక మార్గము, మామూలు అర్ధవాహకములో మాంగనీసు కలుపుట. 1996లో జపానులోని సెందాయి నగరమున ఓనో బృందము గాలియం ఆర్సినైడుతో ఇట్టి ఫెర్రోఅయస్కాంతమును తయారుచేసెను. గాలియం పరమాణువు బంధములకు మూడు ఎలక్ట్రానుల నిచ్చును. దాని స్థానమున చేరిన మాంగనీసు రెండే యిచ్చును. ఆ కొరతయే "రంధ్రము". వాడవాడ తిరిగి దండోరా వేయువానివలె రంధ్రములు పదార్థమంతట సంచరించి, దూరదూరముగా నున్న మాంగనీసు పరమాణువుల నన్నింటిని ఒకే దిక్కునకు త్రిప్పును.

ఇది ఊహమాత్రము కాదు. 2000లో ఓనో బృందమే, మాంగనీసు కలిపిన ఇండియం ఆర్సినైడుపై విద్యుత్పీడనము ప్రయోగించి రంధ్రములను తగ్గించెను, అయస్కాంతత్వము క్షీణించెను. వాటిని పెంచగా అది బలపడెను.

అదే ఏడు డీట్ల్ మొదలగువారు, రంధ్రములు సమృద్ధిగా నున్నచో జింకు ఆక్సైడు, గాలియం నైట్రైడు గది ఉష్ణోగ్రతలోను ఫెర్రోఅయస్కాంతములు కాగలవని లెక్కకట్టిరి. పిమ్మట అనేక ఆక్సైడులలో అట్టి గుణము కనబడెనని వార్తలు వెలువడెను. వానిలో పెక్కింటికి అసలు కారణము లోన దాగిన లోహకణములని తరువాత తేలినది.

ఖిల్లా ఘణపూర్ వంటి గ్రానైటు నేలలలో వాగు ఇసుకపై అయస్కాంతమును త్రిప్పిన నల్లని రేణువులు అంటుకొనును. అవి మాగ్నటైటు కణములు. అంతమాత్రమున ఇసుక యంతయు అయస్కాంతము కాదుగదా! ప్రయోగశాలలోను ఇంతే. హాఫ్నియం ఆక్సైడు పొరలను స్టెయిన్‌లెస్ స్టీలు పట్టుకారుతో తాకినంతనే అయస్కాంతత్వము కనబడునని 2005లో నిరూపింపబడెను.

మాంగనీసు కలిపిన గాలియం ఆర్సినైడు క్యూరీ ఉష్ణోగ్రత శ్రమించి పెంచినను సుమారు 200 కెల్విన్ల వద్దనే నిలిచినది; గది ఉష్ణోగ్రత 300 కెల్విన్లు. కావున క్రొత్త పదార్థము అయస్కాంతమని విన్నప్పుడు, విద్యుద్వాహకములు మారిన దాని అయస్కాంతత్వమును మారుచున్నదా యని ముందుగా ప్రశ్నింపవలెను.