పెన్న యొడ్డున పుట్టిన తాండవము

పెన్నానది చెంతనున్న ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకు పేరు పొందినది. సాహిత్యమున నా యూరి పేరు నిలిపినది పుట్టపర్తి నారాయణాచార్యుల శివతాండవము. ఈ కావ్యమును గూర్చి మేము రేడియో వారమగుటచే చెవి పక్షమున మాటాడుదుము.

ఆచార్యులవారు 1914లో అనంతపురం జిల్లా చియ్యేడులో జన్మించిరి. పసితనముననే పెనుగొండలక్ష్మి వ్రాసిరి. పిదప విద్వాన్ పరీక్షకు కూర్చున్నపుడు ఆ గ్రంథమే వారికి పాఠ్యముగా వచ్చెను! తన పద్యములకు తానే అర్థము వ్రాసి మార్కులకై ఎదురుచూచిన విద్యార్థి మరియొకడు కలడో లేడో. పెనుగొండలో వారు సంగీతముతో బాటు నాట్యమును గూడ అభ్యసించిరి. ఈ రెండవ విద్యయే తరువాత అక్కరకు వచ్చినది.

ప్రొద్దుటూరిలో తెలుగు పండితులుగా నున్న కాలమున, అగస్త్యేశ్వరాలయమున ప్రదక్షిణములు చేయుచు ఆ నడకలోనే శివతాండవమును కూర్చిరని ప్రసిద్ధి. శ్రీవైష్ణవ వంశజుడు శివుని నర్తింపజేయుట కొందరికి వింతగా తోచియుండవచ్చును. కావ్యమును బిగ్గరగా చదివినచో ఈ ప్రసిద్ధిని నమ్మబుద్ధి యగును. పాదము నేలను తాకినట్లు మాత్రలు పడుచుండును. తాండవమున జంటయక్షరములు మృదంగముపై జతులవలె మ్రోగును. పార్వతి లాస్యము వచ్చుసరికి అక్షరములు మెత్తబడి, నడక మారును. నాట్యమెరుగని కవి యిట్లు వ్రాయుట కష్టమని మా యభిప్రాయము.

ఇట్టి రచనకు అచ్చు చాలునా? ఈ సీమవాడే యగు తాళ్ళపాక అన్నమాచార్యుని కథ చూడుడు. 1503లో ఆయన గతించెను. సంకీర్తనలు రాగిరేకులకెక్కి, తిరుమల ఆలయమున భద్రముగా నిలిచినవి. రేకులపై రాగము పేరు కలదు, స్వరము లేదు. ఆయన పాడిన తీరు ఆయనతోనే పోయినది. నాలుగు శతాబ్దములు గడచిన పిమ్మట రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు పలు కీర్తనలకు క్రొత్తగా స్వరములు కూర్చవలసి వచ్చెను. అవి మనోహరములే, కాని అన్నమయ్యవి కావు.

ఆచార్యులవారి విషయమున కాలము కొంత దయ చూపినది. వారు స్వయముగా కీర్తనలు రచించిన వాగ్గేయకారులు. ద్విపదలో పండరీ భాగవతము వంటి పెద్ద గ్రంథములు వ్రాసిరి. 1972లో పద్మశ్రీ అందుకొనిరి. ఎన్ని వ్రాసినను, సభలలో జనులు కోరినది తొలినాటి శివతాండవమునే. కడపలో ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసినది. 1990లో ఆచార్యులవారు అస్తమించిరి, కాని వారి గళమున పలికిన శివతాండవము ధ్వనిముద్రణమై మిగిలినది. ఎచ్చట ఊపిరి తీసికొనిరో, ఎచ్చట వేగము హెచ్చించిరో అందు వినవచ్చును. పుస్తకమున ఈ గురుతులు లేవు.

జమ్మలమడుగు, పులివెందుల పాఠశాలలలో దీనిని చెప్పు ఉపాధ్యాయులు మొదట ఆ గళమును వినిపించి, పిల్లలచే తాళము వేయించి, ఆ తరువాత పుస్తకము తెరువవలెనని మా మనవి. లాస్యభాగముతో ఆరంభించిన సులువు. తాండవమునకు పిల్లల ఊపిరి మొదటినాడు చాలదు.