శూన్యములో పట్టుకొనిన లోహము

భూమిపై రెండు లోహపు ముక్కలను అదిమిపెట్టినను అవి అతుకుకొనవు. గాలిలోని ప్రాణవాయువువలన కలిగిన పలుచని పొర వాటి నడుమ నుండును. అంతరిక్షమున ఆ పొర రాపిడికి చెరిగినచో మరల కట్టదు. అప్పుడు నిప్పు లేకయే లోహము లోహమును పట్టుకొనును.

గురుగ్రహమునకు పోవలసిన అమెరికా నౌక గెలీలియో ప్రయాణము 1986 నాటి ఛాలెంజర్ దుర్ఘటనవలన వాయిదాపడినది. గొడుగువలె ముడిచిన దాని పెద్ద ఏరియల్ కాలిఫోర్నియా, ఫ్లోరిడాల నడుమ లారీలపై తిరిగినది. ఆ కుదుపులకే కమ్ముల పిన్నులపై పూసిన పొడికందెన అరిగిపోయినదని నిపుణుల యభిప్రాయము. 1989లో బయలుదేరిన నౌకపై 1991 ఏప్రిల్ 11న ఏరియల్ విప్పబోగా, 18 కమ్ములలో కొన్ని కదలలేదు. ఎండకు త్రిప్పిరి, నీడకు త్రిప్పిరి, లాభము లేకపోయెను. ఏరియల్ మూగపోవుట యెంత కష్టమో రేడియోవారమగు మేమెరుగుదుము! 1995 డిసెంబరులో గురుగ్రహమును చేరి, చిన్న ఏరియల్‌తోనే అది బొట్టుబొట్టుగా చిత్రములను పంపినది.