మెషీన్ లేకుండా రొమ్ము క్యాన్సర్ పరీక్ష: ముంబై 20 ఏళ్ల కథ

మామోగ్రామ్ మెషీన్ లేని చోట రొమ్ము క్యాన్సర్‌ని ముందే పట్టుకోవచ్చా? 1998లో టాటా మెమోరియల్ డాక్టర్లు ఈ ప్రశ్నతోనే ముంబై మురికివాడల్లోకి వెళ్లారు. 35 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు, మొత్తం లక్షన్నర మంది. అందులో సగం మందికి రెండేళ్లకోసారి, నాలుగు విడతలు, చేత్తో తడిమి చూసే పరీక్ష చేశారు. చేసింది డాక్టర్లు కాదండోయ్, ట్రైనింగ్ తీసుకున్న ఆరోగ్య కార్యకర్తలు.

20 ఏళ్లు ఫాలో అయ్యారు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రెండు వారాల స్ప్రింట్‌కే మా టీమ్‌కి ఓపిక ఉండేది కాదు!

2021లో ఫలితాలొచ్చాయి. పరీక్ష చేసినవాళ్లలో జబ్బు తొలి దశల్లో ఎక్కువగా దొరికింది. 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపువాళ్ల మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది కూడా చెప్పాలి కదా.

30 దాటిన ఆడవాళ్లకి ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని కేంద్రం 2016లోనే చెప్పింది. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూస్తే, 30-49 ఏళ్లవాళ్లలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ఒక్కరు కూడా లేరు.

నన్నడిగితే కావాల్సింది పని నేర్చిన చేతులు, తలుపు వేసుకునే ఒక గది, ఏఎన్ఎం అక్కకి కాస్త టైమ్. గడ్డ కనిపిస్తే ఎక్కడికి పంపాలో కూడా ఆమెకి తెలిసుండాలి. మీ అమ్మకి 50 దాటాయా? పీహెచ్‌సీలో ఈ పరీక్ష ఏ రోజు చేస్తారో ఈ వారమే కనుక్కోండి.