యంత్రము నిలుపుటకు ముందు

హైదరాబాదు పాతబస్తీలో ఒకప్పుడు గృహస్థునకు ప్రతినెలయు రెండు మూడు పూటలు వరుసలలో నిలుచుటకే సరిపోయెడిది. విద్యుత్తు బిల్లు ఒకచోట, నీటి బిల్లు మరియొకచోట, టెలిఫోను బిల్లు ఇంకొకచోట, ఇంటిపన్ను వేరొకచోట చెల్లింపవలసియుండెను. శాఖకొక కిటికీ, కిటికీకొక వేళ. గడువు దాటినచో అపరాధ రుసుము. అదియును దాటినచో దీపము ఆరుట.

1999 డిసెంబరులో ఈ వరుసలను తగ్గించుటకు జంటనగరములలో 'ట్విన్స్' అను ప్రయోగము ఆరంభమయ్యెను. మొదటి కేంద్రము బంజారాహిల్స్‌లో వెలసెను. 2001 ఆగస్టు 25వ తేదీన అదియే 'ఈ-సేవ' అను పేరుతో విస్తరించి, కొలది కాలములోనే నలువదికి మించిన కేంద్రములుగా పెరిగెను. పనిదినములలో ఉదయము 8 గంటలనుండి రాత్రి 8 గంటలవరకు ఏ కేంద్రమునందైనను, ఏ కిటికీయొద్దనైనను, ఏ శాఖ బిల్లునైనను చెల్లింప వీలుండెను. నేడు ఇది మనకు సామాన్య విషయమే. కాని ఈ సామాన్యత వెనుక ఎంత ముందాలోచన అవసరమో ఆ యంత్రములను నిలిపినవారికి తెలియును. ఆ ముందాలోచన చరిత్రయే నేటి మన ప్రసంగ విషయము.

ఈ-సేవ నిర్మాణము మూడు అంతరువుల మేడవంటిది. మొదటి అంతరువున కిటికీయొద్ద కూర్చున్న ఉద్యోగి కంప్యూటరు. మూడవ అంతరువున ఆయా శాఖల లెక్కలు గల కంప్యూటర్లు. ఈ రెంటికిని నడుమనున్నదానినే అప్లికేషన్ సర్వరు అందురు. పాతబస్తీలోని పెద్ద దేవిడీలను ఎరిగినవారికి దీనిని తెలియజెప్పుట సులభము. వచ్చినవాడు నేరుగా ఖజానాలోనికి పోలేడు. ద్వారమున దర్బాను వాని పేరు అడుగును. నడుమ కచేరీలో మున్షీ అర్జీ చూచి, అది ఏ దఫ్తరునకు చెందినదో నిర్ణయించి, లోపలికి మనిషిని పంపి, జవాబు తెప్పించి, రసీదు వ్రాసియిచ్చును. అప్లికేషన్ సర్వరు చేయునది ఆ మున్షీ పనియే. వేయిమంది ఒక్కసారి వచ్చినను తొట్రుపడక, ఒకని సొమ్ము మరొకని ఖాతాలో వేయక, సొమ్ము తీసికొని లెక్క వ్రాయుట మరువక పనిచేయవలసిన మున్షీ అది.

ఈ నడిమి మున్షీ ఒక్కనాట పుట్టినవాడు కాడు. అమెరికాలో విమాన ప్రయాణికుల సీట్లను దూరప్రాంతములనుండి ఒకే యంత్రమున నమోదు చేయుటకు 'సేబర్' అను ఏర్పాటు 1964 నాటికి పూర్తిగా పనిలోనికి వచ్చెను. 1969లో ఐ.బి.ఎం. సంస్థ 'సిక్స్' అను ప్రోగ్రామును విడుదల చేసెను. అనేకుల కోరికలను ఒకే కంప్యూటరు క్రమముగా తీర్చుటకు అది ఏర్పడినది. మన సికిందరాబాదుకు ఈ కథలో స్థానము కలదు. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికిందరాబాదులలోని రైల్వే రిజర్వేషను కంప్యూటర్లను ఒకే వలగా అల్లిన 'కాన్సర్ట్' అను ప్రోగ్రాము 1990ల నడుమ మొట్టమొదట సికిందరాబాదులోనే అమలయ్యెను. ఇక జావా భాషలో ఇట్టి సర్వర్లు ఎట్లుండవలెనో తెలుపు ఉమ్మడి నియమావళి 1999 డిసెంబరులో వెలువడెను. మన ట్విన్స్ ప్రయోగము ఆరంభమైన నెలయే అది.

మున్షీ ఎవరో తెలిసినది. అతనిని కూర్చుండబెట్టుటకు ముందు ఏమి ఆలోచింపవలెను? కొత్తవారు సామాన్యముగా యంత్రము వెల అడుగుదురు. అనుభవజ్ఞులు మాత్రము, మిక్కిలి రద్దీగల దినమున ఎంతమంది వత్తురని అడుగుదురు. ఈ ప్రశ్న విలువను హైదరాబాదు నగరము కంప్యూటర్లకు ఎంతో ముందుగా, ప్రాణములు ఒడ్డి నేర్చుకొన్నది.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరముపై పడెను. కోల్సావాడి, ఘాన్సీబజారు మొదలగు పేటలు మునిగెను. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకొనిపోయి, పురానాపూల్ మాత్రమే నిలిచెను. వేలకొలది జనులు మరణించిరి. మరుసటి సంవత్సరము, అనగా 1909లో, నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన వచ్చి వెంటనే గోడలు కట్టింపలేదు. ముందు లెక్కలు తెప్పించెను. ఎక్కడ ఎంత వాన కురిసినది, నదిలో ఎంత నీరు వచ్చినది, పైప్రాంతమున చెరువులెన్ని అని విచారించెను. మూసీ పరీవాహకమున 788 చెరువులుండగా వానిలో 221 తెగినవని తేలెను.

మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు నిండి అలుగు పారిన నీరు క్రింది చెరువులోనికి దిగును. ఏటేటి వానలకు ఇంతకన్న చక్కని ఏర్పాటు లేదు. కాని పైచెరువు కట్ట తెగినచో, తన నీటిని మాత్రమే భరింపగల క్రింది చెరువుపై రెండు చెరువుల నీరు పడును. అదియును తెగును. అట్లు ఒకదాని వెంట ఒకటి తెగుచు, ఆ నీరంతయు నగరముపైకి వచ్చును. విశ్వేశ్వరయ్యగారు నగరమునకు ఎగువన రెండు జలాశయములు కట్టవలెనని సూచించిరి. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసానదిపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను. వరదను ఆపుటయేగాక అవి నగరమునకు మంచినీటిని ఇచ్చినవి.

ఆ 1909వ సంవత్సరముననే డెన్మార్కు దేశమున, కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేయుచున్న ఎర్లాంగ్ అను గణితజ్ఞుడు టెలిఫోను పిలుపుల రాకను గూర్చి తన మొదటి వ్యాసమును ప్రకటించెను. ఎన్ని తీగలున్నచో ఎంతమంది వేచియుండవలసివచ్చునో ముందే లెక్కించు విద్య అటనుండి పెరిగినది. వీరిద్దరికిని పరస్పర పరిచయము లేదు. అయినను ఒకరు నీటికిని, మరియొకరు మాటకును వేసినది ఒకే ప్రశ్న: ఒక్కుమ్మడిగా వచ్చినప్పుడు ఏమగును? సర్వరు నిలుపువాడు నేటికిని వేయవలసిన ప్రశ్న ఇదియే.

దీనిని ఒక చిన్న లెక్కతో చూతము. ఇవి ఉదాహరణకు తీసికొన్న అంకెలు. నగరమంతట 400 కిటికీలున్నవనుకొందము. ఒక్కొక్క కిటికీయొద్ద రెండు నిమిషములకు ఒకరి పని ముగియుచున్నది. అనగా నిమిషమునకు 200 కోరికలు సర్వరునొద్దకు వచ్చును. శాఖ కంప్యూటరునుండి జవాబు తెచ్చుటకు సర్వరుకు 3 సెకండ్లు పట్టినచో, ఏ క్షణమున చూచినను లోపల సుమారు 10 కోరికలు మాత్రమే ఉండును. 1961లో జాన్ లిటిల్ అను పండితుడు నిరూపించిన సూత్రమిది: లోపల నిలిచినవారి సంఖ్య వచ్చు వేగమును నిలుచు కాలముతో గుణించినంత. పదింటికి చాలు యంత్రమును పెట్టి, మరి పదింటికి చోటు విడిచినచో పుష్కలమని తోచును.

కాని గడువు చివరి దినము వచ్చును. విద్యుత్తు శాఖ కంప్యూటరు అలసి, 3 సెకండ్లకు బదులు 30 సెకండ్లకు జవాబిచ్చును. కిటికీలు పెరుగలేదు, వరుసలోని మనుష్యులును పెరుగలేదు. అయినను లోపల నిలిచిన కోరికలు సుమారు 100 అగును. ఇరువదింటికి మాత్రమే చోటున్నచో తక్కినవి గుమ్మమున ఆగిపోవును. విచిత్రమేమనగా, అట్లు ఆగినవానిలో నీటి బిల్లులును, ఇంటిపన్నులును ఉండును. ఆ శాఖల యంత్రములు చక్కగానే ఉన్నను, మున్షీలందరును విద్యుత్తు శాఖ గుమ్మమున నిలిచియుండుటచేత వాటిని అడుగువారు లేరు. పైచెరువు తెగి క్రింది చెరువును ముంచుట ఇదియే.

దీనికి ఉపాయము యంత్రమును పెద్దది చేయుట ఒక్కటియే కాదు. ఒక్కొక్క శాఖకు ఇంతమంది మున్షీలని ముందే విభజింపవలెను. అప్పుడు ఒక శాఖ మందగించినను మరియొక శాఖ పని సాగును. ఇంత కాలము మించి వేచియుండరాదని గడువు పెట్టవలెను. గడువు దాటినచో 'తరువాత రండి' అని స్పష్టముగా చెప్పి పంపవలెను. ఇది చెరువునకు అలుగువంటిది. అలుగు లేని చెరువు ఎక్కువ నీరు దాచునని సంతసించువాడు కట్ట తెగిననాడు విచారించును. ఒకే సర్వరుపై ఆధారపడక రెండింటిని ప్రక్క ప్రక్కన నిలిపి, ఒకటి పడినచో రెండవది మోయునట్లు చేయవలెను. అప్పుడు ఒక్కొక్కటి మామూలు దినములలో సగము బరువుకు మించి మోయరాదు. ఈ నియమమును మరచి రెండింటిని నిండుగా నింపినచో, మొదటిది పడిననాడు రెండవదియు దాని వెంటనే పడును.

సర్వరు లోపలి లెక్క ఇంతే. వెలుపలి లెక్క ఇంకొకటి కలదు. అది పాత దస్తరముల లెక్క. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను శాఖను కంప్యూటరీకరించు 'కార్డ్' అను ప్రణాళిక 1998 నవంబరు 4న 214 కార్యాలయములలో ఆరంభమయ్యెను. ఇల్లు కొనువానికి ఆ ఇంటిపై అప్పులు, తాకట్టులు ఉన్నవో లేవో తెలుపు ధ్రువపత్రము కావలెను. యంత్రము ఎంత వేగముగలదైనను, పాత రిజిస్టర్లలోని వివరములు దానిలోనికి ఎక్కింపనిచో అది మూగయే. అందుచే 1983నుండి ఉన్న వివరములను యంత్రములోనికి ఎక్కించిరి. అంతకు పూర్వపు లావాదేవీలకు పుస్తకములు తిరుగవేయుట తప్పలేదు. తాతలనాటి ఇండ్లు గల పాతబస్తీవంటి చోట 1983 అనునది మొన్నటి మాట. ఎంత వెనుకటి చరిత్ర ఎక్కింపవలెనో, ఎచ్చట ఆగవలెనో నిర్ణయించుట ప్రణాళికలో భాగమే. ఆ నిర్ణయమునుబట్టియే కొందరికి నిమిషములలో పని ముగియును, కొందరికి దినములు పట్టును.

పేర్ల సంగతి మరియొకటి. పాతబస్తీలో ఒకే పేరును ఉర్దూలో ఒక రీతిగా వ్రాసినను, ఇంగ్లీషు లిపిలో నాలుగైదు రీతులుగా వ్రాయుదురు. మహమ్మదు అను ఒక్క పేరే ఎన్ని వర్ణక్రమములతో కనబడునో చూడుడు. పేరునుబట్టి వెదకుడని యంత్రమునకు చెప్పినచో తండ్రి బిల్లు కొడుకు ఖాతాలో పడవచ్చును. కావున ప్రతి కనెక్షనుకు ఒక సంఖ్య ఉండవలెను; ఆ సంఖ్యయే తాళపుచెవి కావలెను. తెలుగు, ఉర్దూ అక్షరములను ఏ సంకేతపద్ధతిలో దాచవలెనో కూడ డేటాబేసును నెలకొల్పుటకు ముందే నిర్ణయింపవలెను. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము దొరకినది. తరువాత మార్చుకొందములే అని విడిచినచో, లక్షల పేర్లు ప్రశ్నార్థక చిహ్నములుగా మారిన దినమున మార్చుట ఎవరి తరము?

ఇంకను చిన్నవిగా తోచు పెద్ద పనులు కొన్ని కలవు. ఏ ఆపరేటింగు సిస్టముపై ఏ జావా కూర్పు నడచునో, ఆ కూర్పుతో ఏ డేటాబేసు పొసగునో జాబితా వ్రాయవలెను. పెండ్లి కుదుర్చుటకు ముందు గోత్రములు చూచునట్లు ఇవి చూడవలెను. సర్వరును నడుపుటకు వేరొక ఖాతా ఉండవలెను. సర్వాధికారములు గల ఖాతాతో దానిని నడుపుట ఇంటి తాళములన్నియు వాకిట వ్రేలాడదీయుటవంటిది. నిజమైన యంత్రమునకు ముందు దానివంటి మరియొక యంత్రముపై పరీక్ష జరుపవలెను. కొత్తది పనిచేయనిచో పాతదానికి ఎట్లు మరలవలెనో, ఎన్ని గంటలలోపల మరలవలెనో, ఆ మాట చెప్పు అధికారము ఎవరిదో కాగితముపై వ్రాసియుంచవలెను. కరెంటుపోయిన పూట కిటికీయొద్ద ఇచ్చుటకు అచ్చువేసిన రసీదు పుస్తకము ఒకటి సొరుగులో ఉండవలెను.

వీనిలో ఏ ఒక్కటి లోపించినను నష్టపడువాడు యంత్రము నిలిపినవాడు కాడు. సొమ్ము చెల్లించి, రసీదు జేబులో పెట్టుకొని ఇంటికి పోయిన గృహస్థు నష్టపడును. కిటికీయొద్ద అతని సొమ్ము పుచ్చుకొనిరి. శాఖ పుస్తకమున అది ఎక్కలేదు. పదిదినముల తరువాత తీగ తెంపుటకు మనిషి వచ్చును. ఈ చిక్కు రాకుండుటకే రెండుచోట్లను లెక్క ఎక్కవలెను, లేక రెండుచోట్లను ఎక్కరాదు అను నియమమును సర్వర్లలో పెట్టిరి. అయినను ప్రతి రాత్రియు కిటికీల లెక్కను శాఖల లెక్కతో సరిచూచు అలవాటు లేనిచోట ఆ నియమము ఒక్కటియే చాలదు. మున్షీని నమ్మవచ్చును, చిట్టా సరిచూచుట మానరాదు.

2011 నవంబరు 4న 'మీసేవ' వచ్చెను. ఆదాయ, కుల ధ్రువపత్రములు, భూమి పత్రములు మొదలగునవి దానిలో చేరెను. 2014 జూన్ 2న రాష్ట్రము రెండుగా విడిపోయిన పిమ్మట ఇరు రాష్ట్రములును ఆ పేరుతోనే సేవలు కొనసాగించెను. నేడు అనేకులు చేతిలోని ఫోనుతోనే బిల్లులు చెల్లించుచున్నారు. కిటికీ అరచేతిలోనికి వచ్చినది. కాని కిటికీ వెనుకనున్న మున్షీ మాయము కాలేదు. అతని బరువు పెరిగినది. వెనుక 400 కిటికీలకు వేసిన లెక్కను ఇప్పుడు లక్షల ఫోనులకు వేయవలెను. అందరును ఒకే రాత్రి, ఒకే గంటలో, గడువు ముగియుటకు ముందు వత్తురు.

మామూలు దినమున మూసీలో సన్నని పాయ మాత్రమే కనబడును. ఆ పాయను చూచి నదిని కొలుచువాడు వంతెన కట్టుటకు తగడు. విశ్వేశ్వరయ్యగారు ఎండిన నది యొడ్డున నిలిచి, పొంగిన నదిని లెక్కించిరి. సర్వరు నిలుపువానికిని అట్టి దృష్టియే కావలయును. ఏ ఆటంకమును లేని పనిని ఎవరును చూడరు, ఎవరును మెచ్చుకొనరు. గడువు చివరి సాయంకాలమున బిల్లు చెల్లించి ఇంటికి వచ్చిన గృహస్థు స్విచ్చి నొక్కగానే దీపము వెలిగినచో, ముందుగా లెక్కవేసిన వాని శ్రమ ఫలించినట్లే.