ఎముక క్యాన్సర్‌కు మొక్కల మందులు

ఎముకలోనే పుట్టే క్యాన్సర్లు అరుదు. రొమ్ము, ప్రోస్టేట్ వంటి చోట్ల పుట్టి ఎముకకు పాకేవే ఎక్కువ. ఎముకలో పుట్టి పిల్లలను, యుక్తవయస్కులను పట్టేవాటిలో ముఖ్యమైనవి ఆస్టియోసార్కోమా, ఈవింగ్ సార్కోమా. మొక్కల రసాయనాల విషయంలో ఈ రెండింటిదీ చెరో దారి.

ఈవింగ్ సార్కోమాకు సాధారణంగా 5 మందులను విడతలు మార్చి ఇస్తారు. వాటిలో విన్‌క్రిస్టిన్, ఎటోపోసైడ్‌లకు మూలం మొక్కలే. విన్‌క్రిస్టిన్ మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరుది. మొక్క పుట్టిల్లు మడగాస్కర్. జమైకాలో మధుమేహానికి దీని ఆకు కషాయం తాగేవారు. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ ఆకును జంతువులపై పరీక్షిస్తే చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. అలా 1958లో ఆ ఆకులోని విన్‌బ్లాస్టిన్ అనే మందు వెలుగు చూసింది. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి దొరికింది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే సూక్ష్మనాళికలను ఇది కట్టుకోనివ్వదు. నరాలకూ ఆ నాళికలే ఆధారం కనుక తిమ్మిర్లు, మలబద్ధకం రావచ్చు. సిరలోకి ఎక్కించాల్సిన ఈ మందు పొరపాటున వెన్నులోకి వెళితే ప్రాణాంతకం. ఇంట్లో బిళ్ళగన్నేరు ఆకు నమలడం వైద్యం కాదు.

ఎటోపోసైడ్‌ను పోడోఫిల్లమ్ జాతి మొక్కల్లోని పోడోఫిల్లోటాక్సిన్‌ను మార్చి తయారు చేశారు. ఈ జాతికి దగ్గరిదొకటి హిమాలయాల్లో పెరుగుతుంది. మార్పుతో పనితీరూ మారింది: అసలు పదార్థం సూక్ష్మనాళికలను దెబ్బతీస్తే, ఎటోపోసైడ్ టోపోఐసోమరేజ్-2 ఎంజైమును పట్టుకుని డీఎన్‌ఏను తెగగొడుతుంది.

ఎక్కువగా మోకాలి దగ్గర మొదలై ఊపిరితిత్తులకు పాకే ఆస్టియోసార్కోమాకు శస్త్రచికిత్సతో పాటు ఇచ్చే ప్రధాన మందుల్లో ఒక్కటీ మొక్కది కాదు. డోక్సోరుబిసిన్ సూక్ష్మజీవిది, సిస్‌ప్లాటిన్ ప్లాటినం సమ్మేళనం. మెథోట్రెక్సేట్ ప్రయోగశాలలో పుట్టింది. భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో రూపొందించిన ఫోలిక్ ఆమ్ల విరోధుల వంశానికి చెందినది అది.

పసుపులోని కుర్కుమిన్, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్, మానుపసుపులోని బెర్బెరిన్ ప్రయోగశాలలో పెంచిన ఆస్టియోసార్కోమా కణాలను చంపాయి. అయితే గాజుపాత్రలో కణాన్ని చంపే పదార్థాలకు కొదవలేదు. కుర్కుమిన్ నీటిలో సరిగా కరగదు, పేగు నుంచి రక్తంలోకి చేరేది స్వల్పం, చేరిందీ త్వరగా విచ్ఛిన్నమవుతుంది. రోజుకు 8 గ్రాములు మింగించిన పరీక్షలోనూ రక్తంలో దాని జాడ కొద్దిగానే కనిపించింది. నానోకణాల్లో పొదిగి పంపే ప్రయత్నాలు సాగుతున్నాయి. కూరలో వేసే పసుపు సంగతి వేరు. గాఢమైన పసుపు మాత్రలు కొందరిలో కాలేయాన్ని దెబ్బతీశాయి. అధిక మోతాదు మెథోట్రెక్సేట్ భారమూ ఆ కాలేయం మీదే పడుతుంది కనుక, అలాంటి మాత్రలు వాడుతుంటే ముందుగా క్యాన్సర్ వైద్యుడికి చెప్పాలి.