ప్లాస్టిక్ కవర్లో యుద్ధవిమానం

1982లో లాస్ వెగాస్‌లో ఒక ఆర్కేడ్. అక్కడ అటారీ వాళ్ల 'రెడ్ బారన్' మెషీన్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానంలో కూర్చుని శత్రువును కాల్చే ఆట. జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీలో పనిచేసే ఇద్దరు ఉద్యోగులు దాని ముందు చేరారు. వారిలో బిల్ స్టీలీ అమెరికా వాయుసేనలో పైలట్‌గా చేసినవాడు. గెలుపు తనదేనని ధీమాగా ఆడాడు. తర్వాత సిడ్ మెయర్ కూర్చుని అతన్ని సునాయాసంగా దాటేశాడు. మెయర్‌కు విమానం నడపడం రాదు, ప్రోగ్రాములు రాయడం వచ్చు. స్టీలీ ఆడుతుంటే శత్రువిమానాలు ఏ వరసలో వస్తున్నాయో గమనించి గుర్తుపెట్టుకున్నాడు, అంతే.

ఇంతకంటే మంచి ఆట వారంలో రాసేస్తానన్నాడు మెయర్. రాస్తే అమ్మిపెట్టే పూచీ తనదన్నాడు స్టీలీ. ప్రోగ్రామర్ల వారాల సంగతి తెలిసిందే, రెండు నెలలు పట్టింది. అలా తయారైంది 'హెల్‌క్యాట్ ఏస్'. రెండో ప్రపంచ యుద్ధం, పసిఫిక్ సముద్రం, ఎదురుగా జపాన్ విమానాలు.

ఇంట్లో వాడే అటారీ కంప్యూటర్‌లో ఆకాశాన్ని పట్టించడం మాటలు కాదు. 48 కిలోబైట్ల మెమరీ, 2 మెగాహెర్ట్జ్ కూడా లేని 6502 ప్రాసెసర్. ఆ చిప్‌కు గుణకారం ఆదేశమే లేదు, కూడికలతోనే నెట్టుకురావాలి. అయినా జాయ్‌స్టిక్ వంచితే దిగంతరేఖ ఒరగాలి. అది ఒరిగితే చాలు, కుర్చీలో కూర్చున్నవాడికి విమానం తిరిగినట్టే ఉంటుంది. ఈ కిటుకు పట్టుబడితే సగం పని అయినట్టే. మిగతా సగంలో స్టీలీ చేయి ఉంది. యుద్ధవిమానం అలా ఎగరదు, ఇలా ఎగురుతుందని తప్పుల చిట్టా రాసిచ్చాడు, మెయర్ సరిదిద్దాడు.

ఇద్దరూ కలిసి 'మైక్రోప్రోస్' పెట్టారు. డిస్కులను ప్లాస్టిక్ కవర్లలో పెట్టి స్టీలీ షాపుల చుట్టూ తిరిగాడు. మరో ఉపాయమూ పన్నాడు. మామూలు కొనుగోలుదారుడిలా షాపులకు పదేపదే ఫోన్ చేసి 'హెల్‌క్యాట్ ఏస్' ఉందా అని అడిగేవాడు. లేదంటే మండిపడేవాడు. తర్వాత కంపెనీ మనిషిగా మళ్లీ తనే ఫోన్ చేసేవాడు. వ్యాపార దక్షత అంటారు దీన్ని. నాకైతే దొంగ దక్షతే అనిపిస్తుంది.

1984లో వచ్చిన 'ఎఫ్-15 స్ట్రైక్ ఈగిల్' అమ్మకాలు తర్వాతి ఏళ్లలో పది లక్షల కాపీలు దాటాయి. వియత్నాంతో పాటు 1981 నాటి ఇరాక్ కూడా అందులో ఒక రంగం. పేపర్లో చదివిన యుద్ధం మూడేళ్లకే ఆటగా ఇంటికొచ్చింది. 'ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్' ఇంకో అడుగు ముందుకేసి, వాయుసేన దాచిపెట్టిన విమానాన్ని ఊహించి గీసింది. 1988 నవంబరులో అసలు ఎఫ్-117 ఫొటో బయటపెట్టారు. ఊహలో విమానం ఒంపులు తిరిగి నున్నగా ఉంది, అసలుది పలకలు పలకలుగా చెక్కినట్టుంది. పేరు కూడా కలవలేదు.

మెయర్‌కు మాత్రం అంతకుముందే ఆకాశం మీద మోజు తీరిపోయింది. సముద్రపు దొంగల ఆట చేస్తానన్నాడు. విమానాల ఆటలు కొనేవాళ్లు ఇది కొంటారా అని స్టీలీకి బెంగ. చేసింది వాళ్లకు తెలిసిన మనిషేనని చెప్పడానికి 1987లో పెట్టె మీద 'సిడ్ మెయర్స్ పైరేట్స్!' అని అచ్చేశారు. 1991లో 'సివిలైజేషన్' పెట్టె మీదా ఆ పేరే ముందు పడింది.