తలకోన నీళ్లు - పుల్లరి రోజులు

తిరుపతి వెళ్లినవారిలో ఓపిక ఉన్నవారు భాకరాపేట, నెరబైలు మీదుగా తలకోన కూడా చూసి వస్తారు. సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టుకొని, పైకెక్కి, 270 అడుగుల నుంచి దూకే ధార కింద తల తడుపుకొంటారు. మూలికలను తాకి వచ్చే నీరు గనుక ఒంటికి మంచిదని నమ్మకం. ఆ అడవి నిలవడానికి చుట్టుపక్కల పల్లెలు ఏమి ఇచ్చుకొన్నవో తలచేవారు మాత్రం తక్కువ.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతకుముందు పల్లెవాడికి కొండ అంటే పశువుల మేత, నాగలి కర్ర, వంటచెరకు, పొలానికి ఆకు ఎరువు. చట్టంతో అదే కొండ 'రిజర్వు' అయింది. ఉద్యోగమంతా ఫైళ్ల మధ్య గడిపిన నాబోటివాడికి ఆ ఒక్క మాట బరువు తెలుసు. మేతకు పుల్లరి కట్టాలి, పర్మిటు చూపాలి. పశువు హద్దు దాటితే బందెలదొడ్డి, ఆపైన జరిమానా. గొడ్డుకు హద్దు కనబడుతుందా! 1921లో పొరుగున కడప జిల్లా రాయచోటి తాలూకాలో అటవీ సత్యాగ్రహం సాగింది. పల్నాడులోనూ అదే పోరు. పుల్లరి కట్టమన్న కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలయ్యాడు.

అట్లాగని ఆ హద్దు పూర్తిగా చెడ్డదని నేననను. చెట్టు నీడన రాలిన ఆకు మీద పడిన వాన నేలలోకి ఇంకి, రాతి నెర్రెల గుండా మెల్లగా ఊరి వాగవుతుంది. బోడికొండ మీద వాన ఆ పూటే జారిపోతుంది. చెట్టు నుంచి చెట్టుకు పాకే గిల్లతీగ, మూరెడుకు మించిన దాని కాయలు, దేవాంగపిల్లి, ఎర్రచందనం మిగిలినవంటే కాపలా వల్లనే. తప్పు ఎక్కడంటే, కాపలా కాసే పనిలో పల్లెవాడిని కలుపుకోకుండా దొంగగా చూడడంలో.

ఈ ప్రాంతం 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు అయింది. వనసంరక్షణ సమితుల విధానం మన రాష్ట్రంలో 1992లో మొదలైంది. తరువాత తలకోన యాత్రికుల వసతులు చూడడంలో నెరబైలు సమితికీ పాత్ర దక్కింది. నూరేళ్లకు పైగా ఆలస్యమైన ఉత్తర్వు అది! 2010లో శేషాచలం జీవావరణ రిజర్వుగా ప్రకటింపబడింది.

వెళ్లదలచినవారు వానలు పడ్డాక, కార్తీకంలో వెళ్లండి, ధార నిండుగా ఉంటుంది. నెరబైలులో పెద్దలు కనబడితే కాసేపు కూర్చొని పుల్లరి సంగతి అడగండి.